తొమ్మిదో అధ్యాయంలో అమ్మమ్మ కాఫీ

ప్రతీకమ్మకి ఈ లోకంలో ఏ వస్తువూ ఆ వస్తువులాగా కనిపించదు. తాళంచెవి కనిపిస్తే అధికారం అంటుంది. అద్దం కనిపిస్తే అనుమానం అంటుంది. మెట్లెక్కుతుంటే ఆశయం, అవే మెట్లు దిగుతుంటే పశ్చాత్తాపం. కాలేజీలో సాహిత్యం చెప్పేవాళ్ళకి ఈ జబ్బు కొద్దో గొప్పో ఉంటుంది. కానీ మిగతావాళ్ళు గంట కొట్టగానే దాన్ని క్లాసులో వదిలేసి ఇంటికెళ్తారు. ఈవిడ చేతిసంచీలో పెట్టుకుని తీసుకెళ్తుంది.

అసలు పేరు హాజరుపట్టీలో ఉంది. ప్రతీకమ్మ అన్నది పిల్లలు పెట్టిన పేరు. ప్రిన్సిపాల్ దగ్గర్నుంచి గేటు దగ్గర వాచ్‌మన్ దాకా అందరికీ అదే ఖాయమైపోయింది. ఆవిడకి కోపం రాలేదు సరికదా, ఎగతాళి అనేది బయటికి చెప్పుకోలేని ప్రేమకి ప్రతీక అని సంబరపడింది.

ఆవిడకో స్నేహితురాలుంది. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నారు. చదువయ్యాక ఈవిడ అదే కాలేజీలో లెక్చరరైంది, ఆవిడ పెద్ద వీధిలో కళ్ళజోళ్ళ షాపులో చేరింది. వచ్చినవాళ్ళ ముక్కులూ చెవులూ చూసి ఫ్రేములు సరిచెయ్యడం ఆవిడ పని. ఆ పని మధ్యలో ఒక నవల రాసింది. ఒకే ఒక్కటి. అయినా ఆ రోజు నుంచీ వీధి వీధంతా ఆవిడని రచయిత్రిగారూ అనే పిలుస్తోంది. మనమూ అలాగే పిలుద్దాం. ఈ కథ జరిగింది ఆవిడకే కాబట్టి ఆవిడ పక్కన నిలబడే చెప్పుకుందాం.

ఒకసారి రచయిత్రి వెళ్ళేసరికి ప్రతీకమ్మ వంటింట్లో కుళాయి కారుతోంది. కుళాయి బాగుచేసే మనిషి కింద కూర్చుని చూస్తున్నాడు.

"వాషరు పోయిందమ్మా" అన్నాడతను.

"వాషరు సంగతి తర్వాత. అసలు ఈ చుక్క చూడు నాయనా. పడాలా వద్దా అని ఎంతసేపు ఆలోచిస్తోందో! పైకి చెప్పుకోలేని దుఃఖమంటే ఇదే" అంది ప్రతీకమ్మ.

"అయితే మార్చమంటారా, వద్దంటారా?"

"మార్చు. కానీ చూడు, వాషరు ఎంతుంటుంది? చిటికెన వేలి గోరంత. ఎవరికీ కనపడదు. అది అరిగిపోయాకే ఇల్లంతా దాని గురించి మాట్లాడుకుంటుంది. ఇంట్లో ఆడమనిషి కూడా అంతే."

అతను వాషరు మార్చేసి ఆలోచనలో పడి, స్క్రూడ్రైవరు అక్కడే మర్చిపోయి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత చాలాకాలం ఎవరింట్లో కుళాయి బాగుచేసినా ఈ వాషరు మాట చెప్పి, కళ్ళొత్తుకునేవాడని విన్నాం.

ప్రతీకమ్మ భర్త సర్వేయరు. బతుకంతా భూములు కొలిచిన మనిషి. ఆయనకి రాయి రాయే, గట్టు గట్టే. అందుకని ఇంట్లో ఏ వస్తువు ముట్టుకున్నా ముందే ప్రకటన చేసేవాడు.

"ఇదిగో, బకెట్ తెస్తున్నాను. ఉత్త బకెట్."

"ఖాళీ బకెట్టా, నిండు బకెట్టా?"

"సగం."

"సగమా!" అని ప్రతీకమ్మ కళ్ళు మెరిసేవి. సర్వేయరుగారు ఆ సగం నీళ్ళూ అక్కడే పారబోసి వెళ్ళిపోయేవాడు.

ఒకరోజు తొందర్లో ఆయన ఒక కాలికి నల్ల మేజోడు, ఇంకో కాలికి బూడిదరంగు మేజోడు వేసుకుని ఆఫీసుకెళ్ళొచ్చాడు. సాయంత్రం ప్రతీకమ్మ ఆయన కాళ్ళకేసి చూసి, "మీలో ఇద్దరు మనుషులు పోట్లాడుకుంటున్నారు" అంది.

"పోట్లాడుతున్నది నేను. మన బీరువాతో. జత దొరికి చావదు."

ప్రతీకమ్మ మోకాలి నొప్పికి డాక్టరు దగ్గరికెళ్ళినప్పుడు తోడుగా రచయిత్రి వెళ్ళింది. డాక్టరు మోకాలు అటూ ఇటూ వంచి చూస్తుంటే ప్రతీకమ్మ ఉండబట్టలేక అడిగింది.

"డాక్టరుగారూ, మోకాలు దేనికి ప్రతీకో తెలుసా?"

"వయసుకి" అన్నాడాయన తలెత్తకుండా.

బయటికొచ్చాక ప్రతీకమ్మ, "మంచి పాఠకుడే ఈయన" అంది మనస్ఫూర్తిగా. రచయిత్రి ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని నవ్వింది. అప్పట్లో అలా నవ్వేది. ఆ నవ్వులన్నీ ఎటుపోయాయో అని తర్వాత చాలాసార్లు వెతుక్కుంది పాపం.

ఇక నవల సంగతి. దాని పేరు 'జంట కుట్టు'. ఇద్దరు ఆడవాళ్ళు కలిసి బట్టలు కుట్టే షాపు పెట్టుకుంటారు. పెద్దావిడ కత్తిరిస్తుంది, చిన్నావిడ కుడుతుంది. ఇద్దరూ చుట్టాలు కారు, ఒకరికొకరు ఏమీ కారు. అయినా ఒకరి కాపురం చెడినప్పుడు రెండోది అన్నం మానేస్తుంది. ఒకరికి జ్వరమొస్తే రెండోది ఇద్దరి పనీ చేస్తుంది. భర్తలూ పిల్లలూ వస్తూపోతూ ఉంటారు, మిషను చప్పుడు మాత్రం ఆగదు. ఆడవాళ్ళ స్నేహానికి ఏ పేరూ ఉండదు, ఏ కాగితమూ ఉండదు, అయినా అదే చాలామందిని చివరిదాకా నిలబెడుతుందని చెప్పే నవల. చదివినవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. తుడుచుకున్నాక మళ్ళీ చదివి, తప్పులు పట్టుకున్నారు.

తప్పులు కాస్తో కూస్తో కాదు. మొదట్లో నల్లగా ఉన్న పెద్దావిడ గొడుగు సగం నవల దాటేసరికి నీలం రంగులోకి మారింది. చిన్నావిడది ఎడమచేతివాటం అని చెప్పి, చివర్లో కుడిచేత్తో కత్తెర పట్టించింది. అన్నిటికన్నా ఘోరం అమ్మమ్మ. చిన్నావిడ అమ్మమ్మ నాలుగో అధ్యాయంలో శుభ్రంగా కన్నుమూసింది. అందరూ ఏడ్చి, ముక్కులు చీదుకుని, మళ్ళీ పనుల్లో పడ్డారు. తీరా తొమ్మిదో అధ్యాయంలో ఆ అమ్మమ్మే షాపులో కుర్చీ వేసుకుని కూర్చుని కాఫీ తాగింది.

పుస్తకం మీద సభ పెట్టారు. మీసాలున్న విమర్శకుడొకాయన లేచి, "నవల బాగానే ఉంది. కానీ ఈ రచయిత్రి దగ్గర చావు కూడా శాశ్వతం కాదు. ఎవరికైనా ఆరోగ్యం బాగోలేకపోతే ఆవిడ నవల్లో చేరితే సరి" అన్నాడు. హాలంతా ఘొల్లుమంది. ముందువరసలో రచయిత్రి తన చెప్పులకేసి చూస్తూ కూర్చుంది.

అప్పుడు లేచింది ప్రతీకమ్మ. సంచీ భుజాన వేసుకుని, మోకాలు పట్టుకుని, మైకు దాకా నడిచింది.

"అయ్యా, మీరెప్పుడైనా జంట కుట్టు చూశారా? కింద ఒక దారం, పైన ఒక దారం. కింది దారం గతం. పై దారం వర్తమానం. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటేనే బట్ట నిలుస్తుంది. తొమ్మిదో అధ్యాయంలో కింది దారం ఒక్క క్షణం పైకొచ్చింది. స్నేహం ఉన్నచోట పోయినవాళ్ళు పోరు, కుర్చీ వేసుకుని కూర్చుంటారు. ఇది తప్పు కాదు, శిల్పం. అర్థం కావాలంటే సాహిత్యం చాలదు, కాస్త కుట్టుపని కూడా వచ్చుండాలి."

విమర్శకుడి నవ్వు మీసాల్లోనే ఆగిపోయింది. ఆయన ఇంటికెళ్ళి మిషను దగ్గర కూర్చుని దారం ఎక్కించడానికి అవస్థపడ్డాడని వాళ్ళావిడ చెప్పగా తెలిసింది. మరుసటి వారం ఆయనే పత్రికలో 'పైకొచ్చిన దారం' అని పెద్ద వ్యాసం రాశాడు.

ఇంకేముంది, నవల కాలేజీలో పాఠ్యపుస్తకమైంది. నల్లగొడుగు భయానికి, నీలంగొడుగు ధైర్యానికి ప్రతీకలయ్యాయి. ఎడమచెయ్యి పుట్టిల్లు, కుడిచెయ్యి స్వతంత్రం. పరీక్షలో పెద్ద ప్రశ్న ఏటా ఒకటే: 'అమ్మమ్మ పునరాగమనంలోని ప్రతీకాత్మకతను చర్చింపుము.' పిల్లలు పేజీలు పేజీలు చర్చించారు. ఒకమ్మాయి కాఫీలో చక్కెర లేకపోవడానికి కూడా అర్థం రాసింది. నవల్లో చక్కెర ఊసే లేదు. ప్రతీకమ్మ దానికి ఎక్కువ మార్కులు వేసింది. 'రాయనిది చదవగలిగింది' అని పక్కన ఎర్రసిరాతో మెచ్చుకుంది.

రచయిత్రికి మాత్రం లోపల ఏదో తొలవడం మొదలైంది. తప్పులు తప్పులేనని ఆవిడకి తెలుసు. తను చెయ్యని గొప్ప పనికి దండలు పడుతుంటే మెడ నొప్పెట్టదూ? కళ్ళజోడు కోసం వచ్చినవాళ్ళు ఫ్రేము పెట్టుకుంటూ, "అయితే రచయిత్రిగారూ, ఆ నీలం గొడుగు..." అనేవారు.

"చెవి వెనకాల నొక్కుతోందాండీ?" అని మాట మార్చేసేది.

చివరికి వానలో కూడా గొడుగు పట్టుకోవడం మానేసింది. పట్టుకుంటే ఏ రంగుదో చూడ్డానికి జనం ఆగుతున్నారు మరి. తడిసి ముద్దయి షాపుకొస్తే, "రచయిత్రిగారు అన్ని రక్షణలూ వదిలేశారు" అని ఒక కాలేజీ కుర్రాడు ఆరాధనగా అన్నాడు. ఆవిడకి తుమ్మొచ్చింది.

ఒక ఏడాది కాలేజీవాళ్ళు ఆవిడని క్లాసుకి పిలిచారు. బల్ల మీద పూలు, బోర్డు మీద రంగు సుద్దలతో రెండు దారాల బొమ్మ. ప్రతీకమ్మ పెళ్ళికూతురి తల్లిలా అటూ ఇటూ తిరుగుతోంది. ప్రశ్నలు మొదలయ్యాయి. వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచి అమాయకంగా అడిగింది.

"మేడమ్, ఒకవేళ అమ్మమ్మ విషయం... మీరు మర్చిపోయారేమో కదా? ఆవిడ చచ్చిపోయిందని?"

క్లాసంతా ఉలిక్కిపడింది. ప్రతీకమ్మ సుద్ద తీసుకుని బోర్డు వైపు నడిచింది. "మంచి సందేహం. ఇక్కడ మరుపు అనేది కూడా ఒక..."

"మర్చిపోయాను" అంది రచయిత్రి. "అది తప్పు. ఉత్త తప్పు. గొడుగూ తప్పే, చెయ్యీ తప్పే. మీరందరూ ఇన్నాళ్ళూ నా తప్పులు బట్టీ పట్టారు."

సుద్ద విరిగిన చప్పుడు వినపడింది.

బయట వరండాలో ఇద్దరూ నిలబడ్డారు.

"నీ ప్రతీకలతో నన్ను ఊరంతా ఊరేగించావు. నేను అడిగానా? ఆ రోజు సభలో నాలుగు నవ్వులు నవ్వి మర్చిపోయేవాళ్ళు. ఇప్పుడు ఏటా కొత్త బ్యాచి వచ్చి నన్ను చూస్తోంది."

"అది కాదే..."

"ఏది కాదు? అసలు ప్రూఫులు చూసింది నువ్వు. పెన్సిలు చెవిలో పెట్టుకుని కామాలు కూడా దిద్దావు. చచ్చిన మనిషి కాఫీ తాగుతుంటే నీకు కనిపించలేదా? అప్పుడే ఒక్కమాట చెప్పుంటే నాకీ తలవంపులు ఉండేవా?"

ప్రతీకమ్మ సంచీ పట్టీ సరిచేసుకుంది. మళ్ళీ సరిచేసుకుంది.

"కనిపించలేదే" అంది చివరికి. "పొరపాటైపోయింది."

ఆవిడ ఒక విషయానికి ఒకే ఒక్క అర్థం చెప్పి ఊరుకోవడం రచయిత్రి అదే మొదటిసారి వినడం. అది విని కూడా ఆగలేదు. వరండా దాటి, మెట్లు దిగి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

అంతే. మాటలు ఆగిపోయాయి. ఇవాళ కాకపోతే రేపు ఆవిడే వస్తుందిలే అని ఈవిడా, ఈవిడ కోపం తగ్గాక వస్తుందిలే అని ఆవిడా ఎదురుచూస్తూ కూర్చున్నారు. ఎదురుచూపుల్లో ఏళ్ళు ఎలా పోతాయో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

ఊరు ఒకటే కాబట్టి కనిపించక తప్పదు కదా. ఒకసారి బస్సు కిటికీలోంచి చూస్తే ప్రతీకమ్మ రోడ్డు దాటుతోంది. మొహం మీద కొత్త కళ్ళజోడు. వేరే షాపులో చేయించుకుంది. ఎడమవైపు కిందికి జారి, వానకి ఒరిగిన సైన్‌బోర్డులా ఉంది. రచయిత్రి చేతివేళ్ళు వాటంతటవే కదిలాయి. బస్సు దిగి, రోడ్డు మధ్యలో ఆపి, ఆ ఫ్రేము వంచి సరిచేసి, ఏమీ మాట్లాడకుండా మళ్ళీ బస్సెక్కెయ్యాలనిపించింది. ఈలోగా బస్సు కదిలిపోయింది.

ప్రతీకమ్మ రిటైరైన రోజున కాలేజీలో సభ జరిగింది. రచయిత్రి కొత్త చీర కట్టుకుని, తాళం వేసి, వీధి చివరిదాకా వెళ్ళి, వెనక్కొచ్చి, తాళం తీసి, చీర మార్చుకుని అంట్లు తోముకుంది. తర్వాత ఎవరో చెప్పారు, సభలో ప్రతీకమ్మ తలుపు వైపు చూస్తూనే మాట్లాడిందని. తలుపు దేనికి ప్రతీకో ఆ రోజు మాత్రం చెప్పలేదట.

అన్నిటికన్నా పెద్ద నష్టం రెండో నవల. మొదటిదాన్ని రాసేటప్పుడు మధ్యాహ్నం బేరాలు లేని వేళ ప్రతీకమ్మ షాపుకొచ్చేది. కౌంటరు వెనక రెండు స్టూళ్ళేసుకుని, రాసినంత వరకు చదివించుకుని వినేది. బాగుంటే తొడ మీద చరిచేది, ఎవరి తొడన్నది చూసుకునేది కాదు. ఇప్పుడు వినేవాళ్ళు లేరు. పైగా భయం. రెండో నవల్లో తప్పుకి చోటివ్వకూడదని రచయిత్రి ముందు గొడుగులు తీసేసింది. తర్వాత ముసలివాళ్ళని తీసేసింది. కిటికీ తెర ఏ రంగో గుర్తుండదని తెరలు పీకేసింది. చివరికి ఖాళీ గదిలో ఒక మనిషి కూర్చుని ఉంది. ఆ మనిషి లేస్తే ఏ తప్పు దొర్లుతుందోనని రచయిత్రి లేవనివ్వలేదు. నవల అక్కడే చతికిలబడింది.

ఇలా ఉండగా, కొత్త ప్రచురణకర్త ఒకావిడ ఫోన్ చేసింది. 'జంట కుట్టు' ప్రతులు ఎక్కడా దొరకడం లేదు, మళ్ళీ అచ్చేస్తాం, దిద్దాల్సినవేమైనా ఉంటే దిద్దుకోండి అంది.

"దిద్దాల్సినవి తప్ప ఇంకేమున్నాయమ్మా అందులో" అంది రచయిత్రి.

షాపు మూసే ముందు, వీధిలో ఇంకా వెలుతురుండగానే, ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చుంది. నిజం చెప్పాలంటే ఆ పుస్తకం అచ్చయ్యాక ఆవిడ మళ్ళీ తెరవలేదు. మొదట సిగ్గు, తర్వాత కోపం. గొడుగు నల్లగా మార్చింది. చేతివాటం దిద్దింది. తొమ్మిదో అధ్యాయానికొచ్చి, అమ్మమ్మని అడ్డంగా కొట్టేద్దామని పెన్ను ఆనించి, కొట్టేసేముందు ఒకసారి చదువుదామని చదివింది.

అధ్యాయంలో చిన్నావిడ ఏడుస్తూ కాఫీ తెచ్చిస్తుంది. అమ్మమ్మ అంటుంది: "వేడిగుందా? ఇటివ్వు. నువ్వు తాగావా? ముందు తాగు. ఏడుపుకేం, తర్వాతి బండి ఉంది."

రచయిత్రి చెయ్యి ఆగిపోయింది.

నవల్లో అమ్మమ్మ ఊరు దాటని మనిషి. రైలు మొహం చూడలేదు. ఆవిడకి తర్వాతి బండి ఎందుకు గుర్తొస్తుంది? ఆ మాట రచయిత్రి వాళ్ళమ్మది. ఆవిడ రైల్వేస్టేషన్లో టికెట్లమ్మేది. కిటికీ వెనక కూర్చుని కూర్చుని, ఇంట్లో కూడా అలాగే ముక్కలు ముక్కలుగా మాట్లాడేది. ఎక్కడికి? ఎంతమంది? తిన్నావా? కూతురు పరీక్ష తప్పినా, సంబంధం తప్పిపోయినా ఒకటే ఓదార్పు: తర్వాతి బండి ఉంది.

నవల రాసేటప్పుడు ఆవిడ మంచంలో ఉంది. మంచం పక్కనే కూర్చుని రాసింది కూతురు. ఎనిమిదో అధ్యాయం పూర్తయ్యేసరికి తల్లి పోయింది. తొమ్మిదోది ఎప్పుడు రాసిందో, ఎలా రాసిందో రచయిత్రికి ఇప్పటికీ గుర్తులేదు. కన్నీళ్ళలో రాసుంటుంది. ప్రతీకమ్మకి కూడా చదివి వినిపించకుండానే అచ్చుకిచ్చేసింది. అమ్మని ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియక, ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చోబెట్టింది.

ఎర్ర పెన్ను మూత పెట్టేసి, పుస్తకం చేత్తో పట్టుకుని లేచింది. షాపు తాళం సరిగ్గా వేసిందో లేదో కూడా చూసుకోలేదు.

తలుపు తీసింది సర్వేయరుగారు. చేతిలో చీపురుంది. ఆవిణ్ణి చూసి కంగారులో, "ఉత్త చీపురమ్మా ఇది" అన్నాడు. తర్వాత ఎవరొచ్చారో తెలిసొచ్చి చీపురు వదిలేశాడు.

"అన్నయ్యగారూ, అది ఉందా?"

"లైబ్రరీకెళ్ళింది. వచ్చేస్తుంది. కూర్చో చెల్లెమ్మా, కూర్చో. ఎన్నాళ్ళకెన్నాళ్ళకి!"

ఆవిడ కూర్చోలేదు. "అన్నయ్యగారూ, నిజం చెప్పండి. ఈ పుస్తకం ప్రూఫులు చూసినప్పుడు, ఈ అమ్మమ్మ సంగతి దానికి కనిపించలేదా?"

సర్వేయరుగారు బుర్ర గోక్కున్నాడు. "కనిపించకపోవడమేంటమ్మా! ఈ గదిలోనే చూసింది. మధ్యాహ్నం అన్నానికి రమ్మంటే రాలేదు. వెళ్ళి చూస్తే ఒకే కాగితం పట్టుకుని కూర్చుంది. మొహమంతా కన్నీళ్ళు. ఏమైందే అన్నాను. 'టికెట్ల అత్తయ్య వచ్చిందండీ' అంది. నాకేం అర్థమవుతుంది? చదివి, 'ఇదేంటి, ఈవిడ ముందే పోయిందిగా, తప్పు, కొట్టెయ్' అన్నాను. 'వాళ్ళమ్మ పోయి ఏడాది కాలేదు. ఈవిణ్ణి కూడా నా చేత్తో చంపమంటారా?' అంది."

రచయిత్రి గోడకి ఆనుకుంది.

"పోనీ, తనకి చెప్పు, తనే దిద్దుకుంటుంది అన్నాను. 'చెబితే సిగ్గుపడి కొట్టేస్తుంది. కొట్టేశాక జీవితాంతం ఏడుస్తుంది' అంది. మరి అచ్చయితే జనం నవ్వరూ అన్నాను. 'నవ్వకుండా నేను చూసుకుంటాలెండి' అంది. చూసుకుంది కదా, ఏం చెప్పమంటావు! ఒక్క అమ్మమ్మకే అర్థం చెబితే స్నేహితురాలి కోసం చెబుతోంది అనుకుంటారట. అందుకని గొడుక్కి చెప్పింది. గొడుక్కి చెబితే చేతికీ చెప్పాలట. అక్కణ్ణించి వంటింట్లో కుళాయికి, నా మేజోళ్ళకి, నా బకెట్‌కి. పుట్టుకతో కొంచెం ఉందిలే కానీ, ముదిరింది మాత్రం అప్పుడే. నువ్వు అమ్మని కూర్చోబెట్టుకున్నావు, నేను బకెట్లు మోస్తూ అర్థాలు విన్నాను."

రచయిత్రికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఏది ముందు బయటికి పంపాలో తెలియక ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. సర్వేయరుగారు పరుగున నీళ్ళు తెచ్చాడు.

ఆ ఎక్కిళ్ళ మధ్యలోనే ప్రతీకమ్మ వచ్చింది. గుమ్మంలో నిలబడి స్నేహితురాలిని చూసింది, ఆవిడ చేతిలో పుస్తకం చూసింది, మొగుడి మొహం చూసింది.

"చెప్పేశారా?"

"నేనేం చెప్పలేదు. తను అడిగింది" అని సర్వేయరుగారు చీపురు తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు.

రచయిత్రి ముందుకొచ్చి, ప్రతీకమ్మ మొహం మీంచి కళ్ళజోడు లాగేసింది. కాడ వంచింది, ముక్కు దగ్గర నొక్కింది, మళ్ళీ పెట్టింది. ప్రతీకమ్మ కళ్ళార్పి చూసింది.

"నువ్వు ముసలిదానివయ్యావే" అంది.

"ఇన్నాళ్ళూ ఏటవాలుగా చూస్తే ఏం తెలుస్తుంది? ఎందుకు చెప్పలేదే? వరండాలో అన్నేసి మాటలన్నాను. కనిపించింది అని ఒక్కమాట అనుంటే..."

"అంటే మీ అమ్మని తీసుకొచ్చి ఆ వరండాలో నిలబెట్టినట్టుండేది. అంత కోపంలో ఉన్నావు. ఆవిడ మీద పడేది ఆ కోపం." ప్రతీకమ్మ సోఫాలో కూలబడింది. "తర్వాతైనా చెప్పాల్సింది. రోజూ అనుకునేదాన్ని. రోజూ అనుకోవడం వల్లే ఆలస్యమైపోయింది."

"నీ రిటైర్మెంటుకి చీర కట్టుకున్నానే. వీధి చివరిదాకా వచ్చాను."

"ఏ చీర?"

"పచ్చది."

ప్రతీకమ్మ నోరు తెరిచింది. పచ్చరంగుకి ఆవిడ దగ్గర బోలెడు అర్థాలున్నాయి. ఒక్కటీ చెప్పలేదు. నోరు మూసుకుని, పక్కన జాగా చేసింది. రచయిత్రి వెళ్ళి ఆ జాగాలో కూర్చుంది. పోయిన ఏళ్ళు ఇద్దరి మధ్యా కూర్చునే ఉన్నాయి. అవి లేచి వెళ్ళేవి కావని ఇద్దరికీ తెలుసు. పెరట్లో సర్వేయరుగారు ఊడ్చిన చోటే మళ్ళీ ఊడుస్తున్నాడు.

"మరి ఆ గొడుగో?" అంది రచయిత్రి ఉన్నట్టుండి. "అది ఎందుకు వదిలేశావు? నీలం గొడుగు మా ఇంట్లో ఎవరికీ లేదే."

"గొడుగా?" ప్రతీకమ్మ గొంతు తగ్గించింది. "అది నిజంగానే చూళ్ళేదే. చెయ్యి సంగతి కూడా. పుస్తకం అచ్చయ్యాక కనిపించి గుండె ఆగినంత పనైంది. ప్రూఫులు చూడ్డం నాకసలు చేతకాదు. కామాలొక్కటే వచ్చు."

ఈసారి రచయిత్రి నవ్వింది. ఆస్పత్రి మెట్ల మీద నవ్విన నవ్వు కాదది. దానికి ఇప్పుడు మధ్యమధ్యలో ఆయాసం కలిసింది. అయినా బాగానే ఉంది.

"ఇన్నేళ్ళూ నటించావన్నమాట."

"మొదట్లో నటించాను. తర్వాత నిజంగానే కనపడ్డం మొదలైంది. ఏం చెయ్యను? ఇప్పటికీ కుళాయి కారుతుంటే జాలేస్తుంది." కళ్ళజోడు తడుముకుని, అది తిన్నగా ఉన్నందుకు ఆశ్చర్యపోయి, అడిగింది. "అది సరే, రెండోది రాస్తున్నావన్నారు, ఏమైంది?"

"గదిలో ఒక మనిషిని కూర్చోబెట్టి ఆపేశాను."

"ఎందుకు?"

"లేస్తే తప్పులొస్తాయని."

ప్రతీకమ్మ తొడ మీద గట్టిగా చరిచింది. తన తొడ కాదు.

"రానీవే. పని లేక చస్తున్నాను ఇంట్లో. నువ్వు తప్పులు చేస్తూ పో, అర్థాలు చెప్పడానికి నేను లేనూ?"